మగ్గాల మోతలో

మా పవర్‌లూమ్ షెడ్డులో మోతకు మాట వినపడదు. అందరం పెదవులు చూసే మాటలు తెలుసుకుంటాం. ఈమధ్య నా భార్య గాంధిమతి పెదవులు మాత్రం నాకు అందడం లేదు. తన మగ్గానికి ఎదురు మగ్గం నడిపే మురుగేశన్ వైపు తిరిగి ఏదో చెబుతూ ఉంటుంది. నేను దగ్గరికి వెళితే ఆపేస్తుంది.

సోమవారం మురుగేశన్‌ను పనిలోంచి తీసేద్దామనుకున్నాను.

ఆదివారం ఆమె అడిగిందని కోవిల్‌పట్టి నుంచి బస్సులో విరుదునగర్ వెళ్లి సినిమా చూశాం. అందులో మాటలకు బదులు అందరూ పాటలే పాడారు. హీరోయిన్ పిండి రుబ్బుతూ కూడా పాడింది.

"అంతా అబద్దం," అన్నాను. "పని చేస్తా ఎవురు పాడతారే?"

"పాడేవాళ్లు ఉండారు మామా."

"నీకెట్ల తెలుసు?"

ఆమె ముఖం పక్కకు తిప్పేసుకుంది. అదీ నాకు అనుమానంగానే తోచింది.

సోమవారం పొద్దున షెడ్డులోకి వెళ్లేసరికి గాంధిమతి పెదవులు మళ్లీ అతని వైపే కదులుతున్నాయి. నేను మురుగేశన్ దగ్గరికి నడుస్తుండగా కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి.

ఆమె గొంతు ఆగలేదు. నిన్నటి పిండి రుబ్బే పాట. ఒక్కో మాటనూ సాగదీసి, గొంతెత్తి పాడుతోంది. మోత లేదని గ్రహించి గబుక్కున నోరు మూసుకుంది.

మురుగేశన్ తలెత్తలేదు. తెగిన పోగు ముడి వేస్తున్నాడు. మోతకు రోజూ పెట్టుకునే దూది అతని చెవుల్లో అలాగే ఉంది.

"మిగతాది పాడు," అన్నాను.

"కరెంటు రానీ మామా, అప్పుడు పాడతా."

కరెంటు వచ్చింది. నేను మగ్గాల మోటారు వేయలేదు.