చివరిదాకా విన్న మనిషి

చంద్రకాంతమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తీసిన పండు పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు. ముందుగది నిండా భర్త మ్యూజియం.

పుత్తూరులో సోషల్ మాస్టారుగా రిటైరైన ఏకాంబరం, ఇంగ్లీషు కుంపిణీ దండు ఈ సీమను ఆక్రమించినప్పుడు పాళెగాళ్లు ఎదురు తిరిగిన కథనంతా ఆ గదిలో పరిచాడు. తుప్పు పట్టిన కత్తులు, తాను గీసిన బొమ్మలు, ఒక ఫిరంగి గుండు.

"ఆ గుండు మాయమ్మ రుబ్బురోలు పొత్రమని జనానికి చెప్పినావా?" అంది చంద్రకాంతమ్మ.

"జనం వస్తే కదా చెప్పేది."

"వచ్చినారు గదా. మొన్న ఇద్దరు పిలకాయలు ఫోన్లకు చార్జింగ్ పెట్టుకోని పోయినారు. సూడయ్యా, ఈ పొద్దు దీపాలు పెట్టేలోగా ఒక్కడన్నా నీ కథ చివరిదాకా ఇంటే సరి. లేదంటే ఆ గది చింతపండుకే."

ఎండ వాలిపోతుండగా వీధిలో ఆటో ఆగి, ఒక పెద్దాయన దిగాడు. వెంట వచ్చినామె దారి అడగడానికి అంగడి వైపు పోయింది. పెద్దాయన మాత్రం నేరుగా వచ్చి, నోరు తెరుచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గడపలోనే ఇట్లయిపోతే ఎట్లప్పా? లోపల ఇంకా శానా ఉండాది" అని ఏకాంబరం ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టాడు.

ఏకాంబరం కథలో కుంపిణీ దండు దిగింది. పెద్దాయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కోట కూలింది. ఆయన చెంపలు పట్టుకున్నాడు. పాళెగాడిని ఉరి తీసేసరికి ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. లేవబోతే ఏకాంబరం భుజం నొక్కాడు.

"కోపం వస్తాదిలే సామీ, నాకూ వస్తాది. కూసోండి, తమ్ముడు పగ తీర్చుకునేది ఉండాది."

"ఆ... ఆ..." అన్నాడు పెద్దాయన.

చంద్రకాంతమ్మ వచ్చి తలుపు పక్కన నిలబడింది. తాను ఎప్పుడూ సగంలోనే లేచిపోయిన కథ అది. ఆమెకు కొంచెం సిగ్గేసింది.

తమ్ముడు పగ తీర్చుకున్నాడు. కథ అయిపోయింది.

"సరేలే, గది నీకే. పండు మంచం కింద పెట్టుకుంటా" అని ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. పెద్దాయన వద్దని తల ఊపాడు.

"సూస్తివా మే, దప్పిక గూడా మర్సిపోయినాడు" అన్నాడు ఏకాంబరం మురిసిపోతూ.

అంతలో ఆటోలో వచ్చినామె ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది.

"నాయనా, ఈడుండావా? నీకోసం ఊరంతా తిరిగినాను. ఎముకలు సరిజేసే వైద్యుడుండేది పక్కింట్లోనంట, దా."

జారిన దవడను రెండు చేతులా పట్టుకుని, పెద్దాయన ఆమె వెంట ఇల్లు దాటాడు.