చప్పుడు లేని బండి

"ఈ హైబ్రిడ్ బండి మీకు దండగ మాస్టారూ," అంది షోరూం అమ్మాయి. "రోజంతా ట్రాఫిక్కులో తిరిగేవాళ్ళకైతే పెట్రోలు కలిసొస్తుంది. మీరు బడికీ ఇంటికీ తప్ప ఎక్కడికీ వెళ్ళరుగా?"

"నెమ్మదిగా వెళ్తే బ్యాటరీ మీద నడుస్తుంది, చప్పుడుండదన్నావు కదమ్మా. నాక్కావలసింది అదే. ఒక్కసారి ఇంటిదాకా నడిపి చూస్తాను."

ఎన్నో ఏళ్ళపాటు పాత బండి మోత సందు మలుపులో వినపడగానే ఆయన భార్య తలుపు తీసేది. ఆమె పోయి ఏడాదైనా, ఆ మోతకి ఆయన కళ్ళు తలుపు వైపే వెళ్తున్నాయి. మోత లేకపోతే ఆ బాధ తప్పుతుందనుకున్నాడు.

కొత్త బండి నెమ్మదిగా సందులోకి తిరగగానే ఇంజను ఆగి, బ్యాటరీ అందుకుంది. నిశ్శబ్దంగా వచ్చి గుమ్మం ముందు నిలిచింది. తలుపు తెరుచుకోలేదు.

చప్పుడు లేదు కదా, ఆవిడకి వినపడి ఉండదు అనుకుని, మాస్టారు హారను కొట్టాడు.