పౌండ్ లేన్‌లో గృహప్రవేశం

“నేను రాను. ఈ గడప తొక్కనుగాక తొక్కను!”

కొత్తింటి గుమ్మం ముందు, చేతిలో దేవుడి పటంతో శ్యామసుందరి బిగుసుకుపోయి నిలబడింది. లోపల చలపతి శర్మగారు స్మోక్ అలారానికి తువ్వాలు కట్టించి, హోమం సామాను సర్దుకుని కూర్చున్నారు. ఆయన వారమంతా ఆఫీసులో కోడింగు, ఆదివారం మంత్రాలు. నెలలు నిండిన స్నేహ పాలగిన్నె పట్టుకుని అత్తగారి కోసం ఎదురుచూస్తోంది. పెద్దావిడ కుడికాలు లోపల పెడితేనే తక్కిన తంతు.

“ముహూర్తం దాటిపోతోందమ్మా!” కొడుకు బాలమురళి బతిమాలాడు.

“దాటనీ. అడ్డగాడిదలా ఎదిగావు, ఇల్లు కొనేముందు వీధి పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవద్దూ? పోయి పోయి జైలు నేల మీద కొంటావా?”

“జైలేమిటమ్మా?”

“నన్నడుగుతావేం? నీ కూతుర్నడుగు.”

సంగతేమిటంటే, పక్కింటి డోరీన్ అనే ముసలావిడ పళ్ళెం నిండా కేకులు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. పుట్టి పెరిగింది ఈ వీధిలోనే. ఊరుకోక, గేటు దగ్గరే నిలబడి వీధి చరిత్రంతా ఏకరువు పెట్టింది. శ్యామసుందరికి ఇంగ్లీషు రాదు. మనవరాలు తర్జుమా చేసింది. అక్కడ వచ్చిపడింది తంటా.

“లిఖితా, నాయనమ్మకి ఏం చెప్పావే?”

“డోరీన్ చెప్పిందే, డాడ్! దే లాక్‌డ్ దెమ్ అప్ హియర్. తెలుగు వర్డ్ నాకు తెలీదు, సో ఐ సెడ్ జైల్. ఎవరూ తీసుకెళ్ళకపోతే, దే సోల్డ్ దెమ్.”

“విన్నావా? దిక్కూమొక్కూ లేనివాళ్ళని బంధించి, అమ్ముకున్న చోటట! ఎంతమంది ఉసురు తగిలిందో ఈ నేలకి. నిండు చూలాలిని ఇక్కడ ఉండనిస్తానా? నా వల్ల కాదు. నాకు టికెట్ వేయించు, వెళ్ళిపోతా.”

బాలమురళి గుండె జారిపోయింది. అమ్మ వెళ్ళిపోతే స్నేహ పురుడు ఎవరు పోస్తారు? అద్దె ఇంటి తాళాలు నిన్ననే ఇచ్చేశాడు. క్వేకర్స్ హిల్‌లో ఈ ఇల్లు దొరికేదాకా ఎన్ని శనివారాలు కాళ్ళరిగేలా తిరిగాడో! పైగా పౌండ్ లేన్ అన్న పేరు చూసి, పౌండ్లంటే డబ్బేగా, మాది లక్ష్మీదేవి వీధి అని స్నేహితులందరి దగ్గరా గొప్పలు పోయాడు కూడాను.

గేటు దగ్గరికి పరుగెత్తాడు. “డోరీన్, ఇక్కడ లాకప్‌లో పెట్టింది ఎవర్ని?” అని ఇంగ్లీషులో అడిగాడు.

డోరీన్ ముందు తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వింది. “నాట్ పీపుల్, లవ్! యానిమల్స్!”

తప్పించుకుని ఊరిమీద పడి తిరిగే జంతువుల్ని తోలుకొచ్చి ఇక్కడ కట్టేసేవారట. సొంతదారు జరిమానా కట్టి విడిపించుకోవాలట. అలాంటి చోటునే పౌండ్ అంటారట.

“ఓరి నాయనో, బందెలదొడ్డి!” అని బాలమురళి తెలుగులో కేక పెట్టాడు. లక్ష్మీదేవి పోతే పోయింది, దయ్యాల బెడద వదిలింది. అయితే డోరీన్ అంతటితో ఆగలేదు. ఏ జంతువులో కూడా చెప్పింది. అది మాత్రం అమ్మకి చెప్పకూడదనుకుంటూ వెనుదిరిగాడు.

గుమ్మం దగ్గరికొచ్చి, “అమ్మా, మనుషులు కాదు. ఇది ఒకప్పుడు బందెలదొడ్డట!” అన్నాడు.

శ్యామసుందరి ముఖం కాస్త విచ్చుకుంది. “బందెలదొడ్డా? మన గుడివాడలో ఉండేదే, అలాంటిదా? ఇంతకీ ఏం జంతువులట?”

“ఆవులు!” అనేశాడు. నోటికి అదే వచ్చింది మరి. “గృహప్రవేశానికి ఆవు లేదు, వెండి ఆవుతో సరిపెడుతున్నారని నిన్నట్నుంచీ సణుగుతున్నావుగా? ఇక్కడ ఏళ్ళ తరబడి తిరిగినవి ఆవులేనమ్మా!”

ఆవిడ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. దేవుడి పటం కొడుకు చేతిలో పెట్టి, తిన్నగా డోరీన్ దగ్గరికి నడిచింది. చూపుడువేళ్ళు రెండూ తలకి అటూ ఇటూ నిలబెట్టి, అవునా అన్నట్టు కళ్ళెగరేసింది. బాలమురళి పటంతో సహా గబగబా వెనకే వచ్చాడు. డోరీన్‌కి హుషారు పుట్టుకొచ్చింది. తనూ రెండు చేతులూ తలమీద నిలబెట్టి, ముందుకీ వెనక్కీ ఊపి చూపించింది.

శ్యామసుందరి ఆవిడ వంక చూసింది. కొడుకు వంక చూసింది. “సరే, పద,” అని పటం అందుకుని, కుడికాలు లోపల పెట్టింది.

అమ్మయ్య! బాలమురళి వెయ్యి దేవుళ్ళకి దణ్ణం పెట్టుకున్నాడు. డోరీన్ చేతులు కొమ్ముల్లాగే కనబడ్డాయన్నమాట, బతికిపోయాను అనుకున్నాడు. పాలు పొంగాయి. అలారం మోగలేదు. డోరీన్ పులిహోర రెండోసారి అడిగి వేయించుకుంది.

భోజనాలయ్యాక శ్యామసుందరి కొడుకుని పక్కకి పిలిచింది.

“ఒరేయ్ మురళీ, కొమ్ములెక్కడైనా ఊగుతాయట్రా? ఆవిడ చూపించినవి చెవులు. అంతంత చెవులు ఆవులకుంటాయా?”

బాలమురళి నాలిక్కరుచుకున్నాడు. “తెలిసే లోపలికొచ్చావా అమ్మా?”

“మనుషుల ఉసురు కానప్పుడు నాకేం భయం? పైగా గాడిద ఓండ్ర శుభశకునమంటారు,” అంది శ్యామసుందరి నవ్వాపుకుంటూ. “అయినా, ఊహ తెలిసినప్పట్నుంచీ నిన్ను అడ్డగాడిదా అంటూ పెంచినదాన్ని. ఇన్నాళ్ళకి నీ సొంత దొడ్డికి నువ్వు చేరుకుంటుంటే, నేనెందుకురా అడ్డుపడతాను?”