విస్తరి మీద చేతులు

తణుకులో బట్టలు కుట్టే రత్నమాణిక్యం ఇంట్లో ఫ్యానుకి నెల చందా, కుళాయికి నెల చందా, ఆఖరికి తలుపు గడియకీ నెల చందా. మాట్లాడే ఆ ఇల్లే అన్నీ కట్టేసేది, డబ్బులు వాటంతటవే పోయేవి. ఒక కార్డు బాకీని ఇంకో కార్డు, దాని బాకీని మూడోది తీర్చేది. ఈ ఉదయం నాలుగో కార్డు కుట్టుమిషన్ను తాకట్టు పెట్టేసిందని తెలిసి ఆమెకి ఒళ్ళు మండింది.

"ఆ పాటల చందా వద్దు," అంది గోడతో.

"అలాగంటే ఎలాగండీ, కొంచెం ఉంచుకోండి," అని ఇల్లు ఇంకో నెలకి కట్టేసింది.

"వద్దన్నానా?"

"మొహమాటపడకండి." ఈసారి ఏడాదికి కట్టేసింది.

మంచం మీంచి మొగుడు పేర్రాజు నవ్వాడు. "దానికి మాటలు నేర్పింది మన గోదారోళ్ళ పెళ్ళిభోజనాల్లోనంట. వద్దంటే వెయ్యమనే దాని లెక్క."

నిజమే. బంతిలో కూర్చుని వడ్డించేవాళ్ళని నోటితో ఆపగలిగిన రోజు రత్నమాణిక్యం జీవితంలో ఒక్కటీ లేదు. నాలుగు కార్డులూ బల్ల మీద విస్తరిలా పరిచి, గోడలోని కెమెరా చూస్తుండగా రెండు చేతులూ వాటి మీద అడ్డం పెట్టి, బోర్లా వంగిపోయింది.

ఇల్లు తడబడింది. "నిజంగానే చాలాండీ?"

"ఫ్యాను, కుళాయి, గడియ ఉంచు. మిగతావి తీసెయ్."

పాటలు ఆగాయి. వంటల పాఠాలు ఆగాయి. పేర్రాజు క్రికెట్టు ఆగింది, అతని నవ్వూ ఆగింది.

"పోనీ, తాంబూలమైనా పుచ్చుకోండి," అంటూ ఇల్లు గోడలోంచి ఐదో కార్డు చాపింది.

రత్నమాణిక్యం చేతులు తియ్యలేదు.