నీది, నాది

"కోగీ?"

"ఇక్కడే ఉన్నా అంకుల్."

"రాణీ?"

అంపైర్ బేసిల్ సుద్దముక్క పట్టుకుని నల్లబోర్డు వైపు తిరిగాడు. బీచ్ వాలీబాల్‌లో జట్టుకి ఇద్దరే. మార్చడానికి మూడో మనిషి ఉండదు. ఒకరు రాకపోతే పేర్ల మీద అడ్డగీత పడుతుంది. ఎదుటి జట్టు ఆడకుండానే గెలుస్తుంది.

"ఇద్దరం ఉన్నాం. ఆడించండి," అంది కోగీ పక్కనున్నామె, టోపీ కళ్ళ మీదికి లాక్కుంటూ. ఆమె జెర్సీ వీపు మీద రాణీ అని తెల్లటి అక్షరాలున్నాయి.

పోయిన ఏడాది డర్బన్‌లో ఇదే ఇసుక మీద ఆడతామని వస్తే కోగీని, రాణీని క్లబ్బువాళ్ళు తాడు అవతలే ఆపేశారు. 'తెల్లవాళ్ళకు మాత్రమే' అన్న పలక పీకేసి అప్పటికి కొన్నేళ్ళయింది. 'సభ్యులకు మాత్రమే' అన్నారు.

"వచ్చే ఏడు ఆ నల్లబోర్డు మీద నా పేరుంటుంది. ఎవరు కొట్టేస్తారో చూస్తా," అని చెప్పి వచ్చింది రాణీ.

ఇది 1993. అందరికీ ఓటు ఇంకా రాలేదు. పోటీ మాత్రం అందరికీ తెరిచారు, రాణీ పేరు బోర్డెక్కింది.

ఆట మొదలైంది. క్లబ్బు అమ్మాయిలు సర్వీసులన్నీ ఒక్కరి మీదికే కొట్టారు. రాణీ జెర్సీ మీదికే.

"రాణీ అంటే క్వీన్ అటగా! పల్లకీ తెప్పించమంటావా?" అంది వలకి అవతలి పొడుగమ్మాయి.

ఆమె బంతికి ఎదురెళ్ళింది. పడింది. లేచింది. మళ్ళీ పడింది.

బంతి ఇద్దరి మధ్యకి వస్తే ఎవరిదో కేక వెయ్యాలి. వెరులంలో ఇంటి వెనక ఆడుకునేటప్పుడు కోగీ, రాణీ ఆ కేకలు తెలుగులో పెట్టుకున్నారు. ఇళ్ళలో తిట్లకీ దండాలకీ మిగిలిన తెలుగులోంచి రెండు మాటలు. నాది. నీది. ఎదుటివాళ్ళకు అంతు చిక్కేది కాదు.

ఇవాళ కోగీ కేక ప్రతిసారీ ఆలస్యమవుతోంది. 'నీది' దగ్గర నోరు తడబడుతోంది.

కోర్టులు మారేటప్పుడు బేసిల్ ఆమె దగ్గరికి వచ్చాడు. "చూడమ్మాయ్, మోకాలు చీరుకుపోయింది. ఎలాగూ ఓడిపోతున్నారు. వదిలెయ్యకూడదూ?"

"ఓడితే ఓడతాం. ఆ సుద్దముక్క జేబులో పెట్టుకోండి."

చివర్లో ఒక బంతి ఎత్తుగా లేచి సరిగ్గా ఇద్దరి మధ్యకి దిగింది.

"మీది!" అని అరిచింది కోగీ.

"నాది!" ఆమె ఒళ్ళంతా ఇసుకలోకి విసిరేసింది. బంతి వల దాటి ఖాళీ మూలన పడింది.

ఆ పాయింటు వాళ్ళది. తర్వాతవన్నీ క్లబ్బువాళ్ళవి. ఆట అయిపోయింది. బోర్డు మీద రెండు పేర్లూ, వాటి పక్కన ఓడిన స్కోరూ అలాగే ఉన్నాయి. గీత లేదు. పొడుగమ్మాయి వల కిందనుంచి చెయ్యి చాపింది. ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపింది.

బేసిల్ కోగీని పక్కకి పిలిచాడు.

"మా అవ్వది మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకుతోట, తెలుగు మనిషి. 'నీ'కీ 'మీ'కీ తేడా తెలీలేదని నా వీపు వాయించేది. స్నేహితురాల్ని ఎవరైనా 'మీ' అంటారా?"

కోగీ తల దించుకుంది. జవాబు వెనకనుంచి వచ్చింది.

"నేను రాణీనని మీతో చెప్పలేదు."

"మరి రాణీ ఏది?"

ఆమె టోపీ తీసింది. జెర్సీకి అంటిన ఇసుకని అరచేత్తో మెల్లగా దులిపింది.

"మంగళవారం దహనం చేశాం," అంది, "నేను దాని తల్లిని."