కాగితపు గ్లాసు

అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది. ఇందుమతికి మాత్రం వంటింటి యంత్రం ఆ పొద్దున కూడా కాగితపు గ్లాసులోనే పోసింది. ఒళ్లు మండిపోయి ఆమె మెకానిక్‌ని పిలిపించింది.

"ఇదిగో, చర్మం కింద గింజంత పరికరం," అంది మణికట్టు చూపిస్తూ. "రోజూ నా లివర్ని చూసేదీ ఇదే, హెపటైటిస్-బి మందు వేసేదీ ఇదే. రక్తంలో వైరస్ కనబడటం లేదని పొద్దున్నే చెప్పింది. అసలు ఈ జబ్బు గ్లాసులతో అంటుకోదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీ కంపెనీవాళ్లకి తెలీదా? ఎవడయ్యా దీనికి ఈ బుద్ధి నేర్పింది?"

"వదిలెయ్ ఇందూ, యంత్రానికేం తెలుస్తుంది?" అన్నాడు భర్త శ్రీకర్, తన కాఫీ చప్పరిస్తూ.

మెకానిక్ యంత్రం మూత తీసి చూసి, ఇబ్బందిగా నసిగాడు. "మేమేం నేర్పమండీ. ఇంట్లో పెట్టిన కొత్తలో, ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకోవడం లేదో, ఎవరిది విడిగా కడిగి పక్కన పెడుతున్నారో చూసి అదే నేర్చుకుంటుంది."

పక్కనే కాఫీ తాగుతున్న అత్తగారు కొంగు సవరించుకుంది. శ్రీకర్ ఫోన్‌లోకి తల దూర్చాడు.

ఇన్నాళ్లూ యంత్రాన్ని తిట్టిపోసిన ఇందుమతి వాళ్లిద్దరి వంకా చూసింది. తర్వాత తన కాఫీ సింకులో ఒంపి, కాగితపు గ్లాసుని నలిపి చెత్తబుట్టలోకి విసిరికొట్టింది. భర్త చేతిలోని స్టీలు గ్లాసు లాక్కుని, రెండు గుక్కలు తాగి, అతని ముందు ఠక్కున పెట్టింది.

"యంత్రం చూస్తోంది," అంది. "మిగతాది తాగండి."