పెళ్లి దారిలో మంచు

రాగ్న రోడ్డుకి అడ్డంగా గేటు దించేసింది.

నార్వేలో, సముద్రానికీ కొండకీ మధ్య ఇరుక్కున్న రోడ్డది. అవతల చర్చి. ఇవతల పెళ్లివారి కార్లు తొమ్మిది. పెళ్లేమో పదకొండింటికి.

"కొండ మీద మంచు బాగాలేదు," అంది. అంతే, అందరూ ఆమె మీద పడ్డారు.

"తెల్లగా నవనవలాడుతోంది. దానికేం రోగం?" అన్నాడు ఫిడేలు ఓలావ్.

రోగం ఉంది. మంచు చూసి దారి తెరవడం, మూయడం రాగ్న ఉద్యోగం. సరిగ్గా ఆమె సెలవు పెట్టిన రోజే సముద్రం మీంచి వెచ్చటి గాలి తగలడింది. తెల్లవార్లూ మంచు మీద వాన. పొద్దున్నే వాలు అంచున గొయ్యి తవ్వి, మంచుని స్తంభంలా కోసి, పైన పార ఆనించి అరచేత్తో తట్టి చూసింది. మూడోసారికే పై పొర జారి ఒళ్లో పడింది. కింద పొర పంచదారలా రాలుతోంది; పైనున్న మంచంటే ఏ క్షణానైనా రోడ్డు మీదికి జారొచ్చు.

"ఏమే, పెళ్లికొడుకు రేపు చేపల పడవెక్కుతున్నాడు. మళ్లీ వచ్చేది మూడు నెలలకి!" పెళ్లికూతురి కారులోంచి అరిచింది బ్యోర్గ్ పెద్దమ్మ. ఆవిడ ఒళ్లో బాదం కేకు గోపురంలా ఉంది.

"నాకు తెలీదా?" అంది రాగ్న. గేటు మాత్రం ఎత్తలేదు.

ఫోన్ మోగింది. చర్చి నుంచి పెళ్లికొడుకు తల్లి.

"మావాడి పెళ్లి నీకిష్టం లేకపోతే ముందే చెప్పొచ్చుగా!"

"జనం ప్రాణాలతో రావాలి కదండీ," అంది రాగ్న. ఫోన్ తన నారింజ రంగు డ్యూటీ కోటు జేబులో పడేసింది.

పన్నెండయింది. ఒంటిగంటయింది. చలికి ఆగలేక ఓలావ్ ఫిడేలు తీశాడు. ఇస్త్రీ బట్టల్లో జనం రోడ్డు మీదే గంతులేశారు. కేకు పై అంతస్తులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పెళ్లివారితోపాటు ఇవతలే చిక్కుకున్న పాస్టరు ఐవింద్ గారే రెండు తిన్నారు.

ఒంటిగంటన్నరకి కొండ ఉరిమింది. వాలు వాలంతా విరిగి, రోడ్డు దాటి సముద్రంలో పడింది.

ఫిడేలు ఆగిపోయింది. ఓలావ్ టోపీ తీసి రాగ్నకి వంగి దణ్ణం పెట్టాడు.

మంచు తీసే బండి గంటలో దారి చేసింది. పైన ఇక జారడానికేమీ మిగల్లేదని రూఢి చేసుకుని రాగ్న గేటెత్తింది. కార్లు బుర్రుమన్నాయి. ఆమె ఇంకా కొండకేసే చూస్తోంది.

పాస్టరు గారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "చూసింది చాల్లే, ఆ నారింజ కోటు విప్పి కారెక్కు తల్లీ, పెళ్లికూతురు లేకుండా నేనెవరికి పెళ్లి చెయ్యను?"